నిన్న రాత్రి ఈ ఇంట్లో ఎవరెవరు పడుకున్నారు: లంక ఊరిలో ఒక తుంటి ఎముక కేసు

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినవాళ్ళని ఇంటి దగ్గర మళ్ళీ నడిపించడం నా పని. ఫిజియోథెరపిస్ట్‌ని. వారంలో కొన్ని రోజులు రాజమహేంద్రవరం అపార్ట్‌మెంట్లలో, మిగతా రోజులు గోదావరి పాయలు గౌతమికీ వశిష్ఠకీ మధ్య కోనసీమ ఊళ్ళల్లో తిరుగుతూ ఉంటాను. విరిగే ఎముక ఒకటే, చేసే ఆపరేషన్ ఒకటే, వయసులూ ఇంచుమించు ఒకటే. అయినా పట్నంలో పనిచేసే ప్లాన్ లంకకి, అంటే ఏటి పాయల మధ్య ఉండే ఊరికి, వెళ్ళేసరికి కుదేలైపోతుంది. ఎందుకు అలా అవుతుందో ఈ కేసులో విడివిడిగా కనబడింది కాబట్టి రాస్తున్నాను. కుటుంబం ఒప్పుకుంది. పేర్లూ ఊరూ వదిలేశాను.

పడిపోయిన రోజు

మామ్మగారికి ఆధార్ ప్రకారం 71 ఏళ్ళు, పుట్టిన తేదీ జనవరి 1. ఆ తేదీ కనబడితే వయసు ఇంకోసారి అడగడం నాకు అలవాటు. పుట్టిన రోజు తెలియనివాళ్ళకి ఏడాది అంచనాగా వేసి నమోదు చేస్తే జనవరి ఒకటే పడుతుంది. "యాభైమూడు వరదకి మా నాన్న నన్ను భుజానేసుకుని ఏటిగట్టెక్కాడంటండీ, అప్పటికి నాకు నాలుగేళ్ళంట" అంది ఆవిడ. 1953 గోదావరి వరద ఈ ప్రాంతంలో పాతవాళ్ళ వయసు కట్టడానికి మంచి గుర్తు. అంటే డెబ్భయ్యారు. ఐదేళ్ళ తేడా ఎముకకి చిన్నదేం కాదు, ఎంత త్వరగా కోలుకుంటారని ఆశించాలో కూడా మారుతుంది.

వానాకాలం, తెల్లవారుజామున. బాత్రూం దొడ్లో ఉంది. ఇంటి నుంచి అక్కడికి సిమెంటు గచ్చు, దాని మీద పాచి. కొబ్బరిచెట్ల నీడలో గచ్చు నెలల తరబడి ఆరదు. కాలు జారి కుడి తుంటి మీద పడింది. పిలిస్తే పక్కింట్లో తోటికోడలికి వినబడలేదు. తెల్లారి పాల కోసం వచ్చినప్పుడు ఆవిడే చూసింది. లేపబోయింది, చేత కాలేదు. వీధిలోవాళ్ళు నలుగురు వచ్చి నవారు మంచం మీద వేసి రోడ్డు మీదకి మోశారు. ఆ నలుగురిలో యాభై దాటనివాడు ఆటో నడిపే అబ్బాయి ఒక్కడే. ఒకాయన మధ్యలో నడుం పట్టేసి మంచం దించేశాడు.

ఊళ్ళోకి వచ్చే కాజ్‌వే (ఏటి పాయ మీద ఎత్తు తక్కువ దారి) మీద ఆ రోజు నీళ్ళు లేవు. 108 వచ్చింది, గంటలో ఆసుపత్రిలో చేర్చారు. లంక అనగానే దారి లేదని, అంబులెన్స్ రాదని అనుకుంటారు. ఇక్కడ దారి ఆలస్యం చెయ్యలేదు. ఆలస్యమంతా ఆసుపత్రిలో చేరాకే జరిగింది. సంతకం పెట్టడానికి పెద్దకొడుకు హైదరాబాద్ నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రావాలి. చిన్నకొడుకు బెంగళూరులో ఉంటాడు, ఫోన్లో "అన్నయ్య వచ్చాక చూద్దాం" అన్నాడు. కూతురు కువైట్ నుంచి వీడియో కాల్లో ఏడుపు. ఫిట్‌నెస్ పరీక్షలకి ఇంకో రోజు పోయింది. తుంటి విరిగితే 48 గంటల్లోపు ఆపరేషన్ అయితే మంచిదంటారు, ఎందుకంటే మంచాన పడుకున్న ప్రతి రోజూ ఊపిరితిత్తుల్లో నెమ్ము, వీపున పుండ్లు, కాలి నరాల్లో రక్తం గడ్డకట్టడం దగ్గరవుతాయి. ఈవిడకి నాలుగో రోజు చేశారు. సగం కీలు మార్చారు. వాకర్, వ్యాయామాల కాగితం ఇచ్చి ఇంటికి పంపారు.

కార్డులో ఆరుగురు, ఇంట్లో ఒకరు

డిశ్చార్జి కాగితంలో కుటుంబ సభ్యులు ఆరుగురు, సహాయకులు ఉన్నారు అని రాసి ఉంది. అబద్ధమేమీ కాదు. రేషన్ కార్డులో ఆరు పేర్లున్నాయి: మామ్మ, ఇద్దరు కొడుకులు, పెద్దకోడలు, ఇద్దరు మనవలు. గ్రామ సచివాలయంలో ఇంటి వివరాలు కూడా అలాగే ఉన్నాయి. ఆసుపత్రివాళ్ళు అడిగినప్పుడు పెద్దకొడుకు కూడా అదే చెప్పాడు, అడిగిన ప్రశ్న "మీ కుటుంబంలో ఎంతమంది?" కాబట్టి.

నేను అడిగే ప్రశ్న వేరు. "నిన్న రాత్రి ఈ ఇంట్లో ఎవరెవరు పడుకున్నారు?" జవాబు: మామ్మ ఒక్కతే. మొన్న కూడా అంతే. పండక్కి ముందు నెలంతా అంతే.

డెల్టాలో పల్లెల ముసలితనం ఎంతో కాగితాల మీద తేలకపోవడానికి సగం కారణం ఇదే అనిపిస్తుంది. పిల్లలు వెళ్ళిపోతారు గానీ పేర్లు వెళ్ళవు. రేషన్, ఓటు, ఇళ్ళ స్థలం, ఏదో ఒక పథకం, "ఒకసారి తీయిస్తే మళ్ళీ ఎక్కదండీ" అనే భయం. పేరు ఊళ్ళో ఉంటుంది, మనిషి కూకట్‌పల్లిలో ఉంటాడు. కార్డుల లెక్కన చూస్తే ఊరు నిండుగా, వయసులో ఉన్నట్టు కనబడుతుంది. నిజంగా అలా ఉండేది సంక్రాంతి మూడు రోజులు. అప్పుడు గనక ఎవరైనా సర్వేకి వస్తే ఈ ఊరికి ఏ వృద్ధాప్య సమస్యా లేదని రాసుకుని పోతారు.

జనగణన లెక్క చూసినా తేడా పెద్దగా కనబడదు. 2011లో దేశంలో అరవై దాటినవాళ్ళు 8.6 శాతం. పల్లెల్లో 8.8, పట్టణాల్లో 8.1. ఒక్క శాతం కూడా తేడా లేదు. కానీ అది దేశం మొత్తానికి సగటు. పిల్లలు ఎక్కువగా పుట్టే రాష్ట్రాల పల్లెలు, మన పల్లెలు ఒకే గంపలో పడ్డాయి. డెల్టాకి వస్తే ఇంకో అంకె చూడాలి. 2001 నుంచి 2011 వరకు పశ్చిమగోదావరి జనాభా మూడున్నర శాతం పెరిగింది, తూర్పుగోదావరి ఐదు శాతం పైచిలుకు. ఉమ్మడి రాష్ట్రం దాదాపు 11 శాతం, దేశం 17.7 శాతం. మూడు పంటల నీళ్ళున్న నేల, రోడ్లున్న నేల, అయినా జనం పెద్దగా పెరగలేదు. పుట్టేవాళ్ళు తగ్గారు, ఎదిగినవాళ్ళు వెళ్ళిపోయారు. ఆ తర్వాత జనగణనే జరగలేదు, రాబోయేది 2027లో. ఈలోగా రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 కాన్పులకి దిగిందని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. జనాభా నిలకడగా ఉండటానికి కావలసింది 2.1. రాష్ట్రంలో అరవై దాటినవాళ్ళు 2021కి 12.4 శాతం, 2031కి 16.4 శాతం అవుతారని కేంద్రం అంచనాలు.

పిల్లలు పట్నాల్లోనే స్థిరపడిపోతే పల్లె లెక్క ఎంత దూరం పోగలదో చైనా 2020 జనగణనలో కనబడుతుంది. అక్కడ అరవై దాటినవాళ్ళు పట్టణాల్లో 15.8 శాతం, పల్లెల్లో 23.8.

2024లో ఇద్దరు పిల్లలు దాటితే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హత అన్న నిబంధనని రాష్ట్రం ఎత్తేసింది, ఎక్కువమందిని కనమని నాయకులు చెబుతున్నారు. మంచిచెడ్డలు ఎలా ఉన్నా, ఇవాళ పుట్టిన బిడ్డ మామ్మ మంచం ఒక కొస పట్టుకోడానికి ఇరవై ఏళ్ళు పడుతుంది.

ఒక మాట. డెల్టాలో పల్లె అంటే మారుమూల అనుకోకూడదు. జనగణనలో ఒక ఊరిని పట్టణంగా లెక్కించాలంటే 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకి 400 మంది, మగ కార్మికుల్లో 75 శాతం వ్యవసాయం కాని పనుల్లో ఉండాలి. కాలవ గట్టు వెంట ఒకదానికొకటి అంటుకున్న మా ఊళ్ళల్లో చాలావాటికి మొదటి రెండూ సులువే. మూడోదే ఆపుతుంది. మెడికల్ షాపు, బస్సు, బ్యాంకు అన్నీ ఉంటాయి. లేనిది పాతికకీ యాభైకీ మధ్య మనిషి. కొబ్బరి దింపుకి మనిషి దొరక్క కాయ చెట్టు మీదే ఎండిపోతోందని రైతులు అంటుంటారు కదా, మా పనిలోనూ అదే కొరత.

పట్నంలో ఇంకో మనిషి

పోలిక కోసం ఇంకో కేసు క్లుప్తంగా. అదే రోజుల్లో రాజమహేంద్రవరంలో ఒక రిటైర్డ్ మాష్టారికి ఇదే ఎముక విరిగింది. ఆయన వయసు 78. మూడో అంతస్తు ఫ్లాట్, లిఫ్టు ఉంది, ఇంట్లో కొడుకు, కోడలు, ఇంటర్ చదివే మనవరాలు. అందరూ అక్కడే పడుకుంటారు. కానీ పొద్దున తొమ్మిదికి ముగ్గురూ వెళ్ళిపోతారు. పదిన్నరకి ఆయన బాత్రూంలో టైల్స్ మీద జారారు. లోపల గడియ పెట్టుకున్నారు, ఫోన్ హాల్లో ఛార్జింగులో ఉంది. ఎదురు ఫ్లాట్‌కి తాళం. కోడలు స్కూలు నుంచి వచ్చేసరికి నాలుగు దాటింది. ఆరు గంటలు తడి నేల మీద ఉండిపోవడంతో వీపు కింద చర్మం కమిలిపోయింది. తుంటి కంటే ఆ పుండే ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

ఆ రాత్రే సంతకాలయ్యాయి, మర్నాడు ఆపరేషన్. ఇంటికొచ్చాక పగటిపూటకి వాచ్‌మన్ భార్యని కుదుర్చుకున్నారు. వెస్ట్రన్ కమోడ్ ముందే ఉంది, నేల సమం, మంచం ఎత్తు సరిపోయింది. నేను మామూలుగా ఇచ్చే ప్లానే ఇచ్చాను. రోజుకి మూడుసార్లు, మనిషి పక్కన నిలబడి నడుం బెల్టు పట్టుకుని నడిపించాలి. ఆరు వారాలకి చేతికర్రతో లిఫ్టు దాకా వెళ్ళారు. చేసిన మార్పులు రెండే: బాత్రూం గడియ తీయించాం, ఇంటి తాళంచెవి ఒకటి కింద వాచ్‌మన్ దగ్గర పెట్టాం.

ఆ వాచ్‌మన్ దంపతులు లంక నుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళమ్మ ఊళ్ళో ఒక్కతే ఉంటుంది. మన మామ్మ కూతురు కువైట్‌లో ఉందని చెప్పాను కదా, అక్కడ ఒక ఇంట్లో ఇంటిపని చేస్తుంది, ఆమె చూసుకునేది ఆ ఇంటి ముసలావిడని. మంచం మీంచి లేపడం, స్నానం, మందులు. వీడియో కాల్లో నేను చెప్పిన పద్ధతులు ఎవరికంటే త్వరగా ఆమెకే అర్థమయ్యాయి. రోజూ చేసే పనే మరి.

పట్నంలో రాత్రికి మనుషులున్నారు, పగలు ఇల్లు ఖాళీ. లంకలో పగలు పదిమంది వచ్చి పలకరించి పోతారు, రాత్రి ఇంట్లో ఎవరూ లేరు. పగలు వచ్చే ఆ పదిమంది కూడా అరవై దాటినవాళ్ళే. అరవై దాటినవాళ్ళ శాతం ఎంతో తెలుసుకుంటే ఇవేవీ తెలియవు.

ఏం చేశాం

మొదట ఆవిడ ఎందుకు జారిందో మళ్ళీ చూశాను. పాచి ఒక కారణం. పడుకోబెట్టి బీపీ చూస్తే 150, లేచి నిలబడగానే 118, కళ్ళు బైర్లు కమ్మాయంది. మందుల సంచీ గుమ్మరిస్తే సంగతి బయటపడింది. సబ్‌సెంటర్లో ఇచ్చిన ఆమ్లోడిపిన్ ఒకటి, ఊళ్ళో ఆర్ఎంపీ ఇచ్చిన బీపీ బిళ్ళ ఇంకొకటి. రెండోది కూడా ఆమ్లోడిపినే, పేరు వేరు, రంగు వేరు. రెండూ రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటోంది. మందులు మార్చడం నా పని కాదు. పీహెచ్‌సీ డాక్టరుగారికి చూపిస్తే ఒకటి ఆపేశారు. వారంలో తల తిరుగుడు తగ్గింది. ఊళ్ళో మందులు అందక కాదు ఇలా అయింది, రెండు చోట్ల నుంచి అందడం వల్ల. రెండు పట్టీలూ పక్కపక్కన పెట్టి చదివే మనిషి ఇంట్లో లేదు, అంతే.

తర్వాత ప్లాన్. ఉన్న మనిషి ఒక్కరే, తోటికోడలు. ఆవిడకి అరవై ఎనిమిది, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. బెల్టు పట్టుకుని నడిపించమంటే ఇద్దరూ కలిసి పడతారు. కాబట్టి ఎత్తడం, పట్టుకోవడం అనే పనులన్నీ ప్లాన్‌లోంచి తీసేశాను. మనిషి చెయ్యాల్సిన పని వస్తువులతో చేయించాలి.

నులకమంచం మధ్యలోకి కుంగిపోతుంది, అందులోంచి లేవడం కుర్రాళ్ళకే కష్టం. అటకమీదున్న చెక్క మంచం దింపించి, కోళ్ళ కింద దిమ్మలు పెట్టించి మోకాలి ఎత్తుకి తెచ్చాం. మంచం నుంచి వెనక గుమ్మం దాకా, అక్కడి నుంచి బాత్రూం దాకా సరుగుడు కర్రలతో చేతిపట్టు కట్టించాం. ఇక్కడ సరుగుడుకి కరువు లేదు, స్టీలు రాడ్డు కంటే తడిలో పట్టు బాగా దొరుకుతుంది కూడా. గచ్చుని బ్లీచింగ్ చల్లి ఈనెల చీపురుతో తోమించాం, వానాకాలమంతా పదిరోజులకోసారి తోమాలి. రాత్రిపూట దొడ్లోకి వెళ్ళడం పూర్తిగా మానిపించి, మంచం పక్కన కమోడ్ కుర్చీ పెట్టాం. దీనికి ఆవిడ ఒప్పుకోడానికి చాలా రోజులు పట్టింది. "పడుకునే గదిలో ఆ పనేంటమ్మాయ్, దేవుడి పటాలున్నాయి" అంది. పటాలు హాల్లోకి మార్చాక ఒప్పుకుంది.

వ్యాయామాల కాగితం పక్కన పెట్టేశాం. సాయంత్రం సీరియల్ చూస్తున్నప్పుడు యాడ్స్ వచ్చినప్పుడల్లా కుర్చీలోంచి లేచి నిలబడి కూర్చోవాలి. తోటికోడలు పక్కన కూర్చుని అంకెలు లెక్కపెట్టాలి, చెయ్యి వెయ్యకూడదు. కొన్నాళ్ళకి ఆవిడ కూడా లేవడం మొదలెట్టింది. నేను చెప్పలేదు, కానీ అరిగిన మోకాళ్ళకి మంచి వ్యాయామాల్లో అదొకటి, తొడ కండకి బలం వస్తుంది.

అన్నిటికంటే కష్టమైంది గోడ. రెండిళ్ళ మధ్య ఆరడుగుల ప్రహరీ ఉంది. తోటికోడలు రావాలంటే తన గేటు దాటి, వీధి చుట్టూ తిరిగి, ఈ గేటు తీసుకుని రావాలి. మోకాళ్ళ నొప్పితో, చీకట్లో అది జరిగే పని కాదు. మామ్మ పిలుపు ఆ రోజు వినబడకపోవడానికి కూడా ఆ గోడే కారణం. గోడ కట్టించింది ఈ తోటికోడళ్ళు కాదు, వాళ్ళ కొడుకులు, పంపకాల్లో హద్దు చెట్టు దగ్గర మాటామాటా వచ్చి. ఇప్పుడు ఆ కొడుకుల్లో ఒక్కరూ ఊళ్ళో లేరు. గోడకి మూడడుగుల దారి కొట్టిస్తానంటే హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ ఫోన్ల మీద ఫోన్లు. "హద్దు పోతుందండీ, రేప్పొద్దున కోర్టులో చెల్లదు."

ఇది నా పనేనా అని అడిగినవాళ్ళున్నారు. ఆవిడ మళ్ళీ పడితే నడిపించాల్సింది నేనే కాబట్టి నా పనే అనుకున్నాను. ఊరి పెద్దాయన ఒకరు కూర్చోబెట్టి కాగితం రాయించారు: హద్దు సర్వే రాళ్ళ ప్రకారమే ఉంటుంది, దారి ఇద్దరు ఆడవాళ్ళ అవసరానికి మాత్రమే, గోడ ఎప్పుడైనా మూయించుకోవచ్చు. రెండువైపులా కొడుకులకి ఆ కాగితం వాట్సాప్ చేశాక పనైంది. ఇప్పుడు తోటికోడలు దీపాల వేళకి తన ఇంట్లో దీపం పెట్టుకుని, ఆ దారిన వచ్చి మామ్మ ఇంట్లో పడుకుంటుంది.

ఖర్చు సంగతి. ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కార్డు మీద అయింది, ఇప్పుడు దాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. ఇంట్లో మార్పులకి కొడుకులు పంపారు. నెలనెలా గడవడానికి మామ్మకి 4,000 పెన్షన్ ఉంది, ఒకటో తారీఖున ఇంటికే తెచ్చిస్తారు. ఆ రాకని మేం ఇంకో పనికి వాడుకున్నాం. పెన్షన్ తెచ్చే ఉద్యోగి వచ్చినప్పుడు మామ్మ గుమ్మం దాకా నడిచి వచ్చి తీసుకోవాలి. రాలేకపోతే ఆ అమ్మాయి నాకు ఒక మెసేజ్ పెడుతుంది. నెలకోసారి, పైసా ఖర్చు లేని పరీక్ష. ఒక చుట్టం మాత్రం "మంచానికే పరిమితమైనవాళ్ళకి 15,000 ఇస్తారట కదండీ, ఈవిడని మరీ నడిపించేస్తే ఎలా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ పూర్తిగా నవ్వులాటకి అనలేదు. అది పక్షవాతం లాంటి కారణాలతో నిజంగా మంచాన పడినవాళ్ళకని చెప్పి ఊరుకున్నాను.

ఎంతవరకు వచ్చింది

కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోడానికి పట్టే సమయం చూస్తాం. 12 సెకన్లు దాటితే పడే ప్రమాదం ఉన్నట్టు. మామ్మ మొదట్లో లేవలేకపోయింది, ఆరు వారాలకి 34 సెకన్లు, నాలుగు నెలలకి వాకర్‌తో 19. మాష్టారు ఆరు వారాలకే 16కి వచ్చారు. అంకెల్లో చూస్తే పట్నమే మెరుగు. కానీ మాష్టారు ఆ తర్వాత ఒకసారి మళ్ళీ పడ్డారు, వాచ్‌మన్ భార్య పండక్కి ఊరెళ్ళిన వారంలో. అదృష్టం, ఏమీ విరగలేదు. తాళంచెవి కింద ఉండబట్టి పావుగంటలో తలుపు తీశారు. మామ్మ ఇంతవరకు పడలేదు.

ఈ కేసు తర్వాత నా ఫారంలో "కుటుంబ సభ్యుల సంఖ్య" గడి తీసేశాను. దాని బదులు నాలుగు వేళలు: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి. ఒక్కో వేళలో పిలిస్తే వినబడేంత దూరంలో ఉండేది ఎవరు, వాళ్ళ వయసెంత, పాతిక కిలోల బియ్యం బస్తా జరపగలరా. బస్తా సంగతి అడిగితే ఎవరూ నామోషీ పడరు, నిజమే చెబుతారు. పట్నం ఫారాల్లో మధ్యాహ్నం గడి ఖాళీగా వస్తోంది. లంక ఊళ్ళవి అన్ని గడులూ నిండే వస్తాయి, వయసులే అరవై ఐదు, డెబ్భై, డెబ్భై రెండు.

మిగిలిపోయిన పని వరద. 2022 జూలైలో లంకలు మునిగినప్పుడు ఈ వీధివాళ్ళని పడవల్లో తీసుకెళ్ళారు. అప్పుడు మామ్మ తన కాళ్ళ మీద తను పడవెక్కింది. ఈసారి వరదొస్తే వాకర్‌తో ఎక్కడం కుదరదు, కుర్చీతో సహా ఎత్తాలి, ఎత్తడానికి ఇద్దరు గట్టివాళ్ళు కావాలి, వీధిలో ఉన్నది ఆటో అబ్బాయి ఒక్కడు. ముందుగా తరలించాల్సినవాళ్ళ జాబితాలో ఇద్దరు ఆడవాళ్ళ పేర్లూ చేర్చమని సచివాలయంలో అర్జీ ఇచ్చాం. మామ్మ పేరు ఎక్కింది. తోటికోడలు నడవగలదు కాబట్టి అక్కర్లేదన్నారు. ఆవిడ మోకాళ్ళ ఎక్స్‌రే జతచేసి రెండో అర్జీ పెట్టాను, అది ఇంకా పెండింగులో ఉంది.